ఎండాకాలంలో మొక్కలు కొనకండి, ముందు నీడ ఎటు పడుతుందో చూడండి

రెండేళ్ళ కిందట ఏప్రిల్లో మా ఇంటి ముందు లాన్ వేయించాను. మే నెల దాటకుండానే దాన్ని పారతో చెక్కించి ట్రాక్టర్‌లో పోయించాను. మధ్యలో ఎంత పోయిందో మా ఆవిడకి ఇప్పటికీ పైసలతో సహా గుర్తుంది కాబట్టి ఆ లెక్క ఇక్కడ రాయను.

మాది నరసరావుపేట. పల్నాడు ఎండ ఎలా ఉంటుందో తెలీనివాళ్ళకి రెంటచింతల అని ఒక్క మాట చెప్తే చాలు, ఎండాకాలం వార్తల్లో ఆ ఊరి పేరు రాని ఏడాది ఉండదు, అది మా జిల్లానే. ఇల్లు ఐదు సెంట్లలో, అంటే 242 గజాలు, పడమర వాకిలి. ముందు ఒక 15 అడుగులు, వెనకాల ఒక 12 అడుగులు ఖాళీ స్థలం, పక్కన సన్నగా సందు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రి "మట్టి ఉంటే బురద సార్, చీమలు, పాములు, మొత్తం పార్కింగ్ టైల్స్ వేసేద్దాం నీటుగా ఉంటది" అన్నాడు, నేను సరే అన్నాను. నీటుగానే ఉంది. గేటు నించి గుమ్మం దాకా ఒక్క అరచేతంత మట్టి కూడా లేకుండా ముదురు ఎరుపు టైల్స్, మేలో రాత్రి ఎనిమిదింటికి చెప్పుల్లేకుండా దాని మీద నిలబడి చూడండి తెలుస్తుంది నీటు అంటే ఏంటో. పగలంతా తాగిన వేడి రాత్రి పన్నెండు దాకా వదుల్తూనే ఉంటుంది, ఆ వేడి నేరుగా ముందు బెడ్‌రూమ్ కిటికీలోంచి లోపలికి. ఏసీ ఆపితే పది నిమిషాల్లో గోడలు మళ్ళీ కాలుతుంటాయి.

సరే ఆ వేడి తగ్గుతుందేమోనని టైల్స్ ఓ పక్క తీయించి లాన్ వేయించా. నర్సరీ అతను మెక్సికన్ గ్రాస్ అన్నాడు, కార్పెట్‌లాగా ముక్కలు ముక్కలుగా తెచ్చి పరిచాడు, ఆ సాయంత్రం ఇల్లు చూస్తే రిసార్ట్ లాగా ఉంది, ఫొటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం కూడా. "రోజూ రెండు పూటలా తడపండి చాలు" అన్నాడు పోతూ పోతూ. మా వీధిలో కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది అన్న విషయం అప్పుడు నాకూ గుర్తు రాలా. బోరు నీళ్ళు పెడితే అవి ఉప్పు, నాలుగు వారాలకి గడ్డి అంచుల దగ్గర ఎర్రబడి, తర్వాత మధ్యలో ఎర్రబడి, చివరికి కొబ్బరి పీచు పరిచినట్టు అయింది. మా అమ్మ వరండాలో కూర్చుని రోజూ చూసేది, ఒకరోజు ఉండబట్టలేక "ఒరే, మనం తాగేదానికే ట్యాంకరు తెప్పించుకుంటా ఆ గడ్డికెందుకు రా అన్ని నీళ్ళు, అది బర్రెకన్నా పెట్టొచ్చా?" అంది. పెట్టొచ్చో లేదో నాకూ తెలీదు.

ఆ తర్వాత ముందు నేను చేసిన పని ఒక్కటే, ఒక ఎండాకాలం మొత్తం ఒక్క మొక్కా కొనకుండా ఊరికే చూశాను. ఆదివారాలు పిల్లల సుద్దముక్క తీసుకుని పొద్దున పదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం నాలుగున్నరకి నీడ ఎక్కడిదాకా ఉందో నేల మీద గీతలు గీసేవాణ్ణి, పక్కింటాయన నాకేదో అయ్యిందనుకున్నాడు. నిజం చెప్పాలంటే మొక్కల గురించి నేను నేర్చుకుంది మొత్తం ఆ గీతల్లోనే ఉంది.

మనమందరం ఎండ దక్షిణం వైపు నించి వస్తుందని అనుకుంటాం కదా. చలికాలంలో అది కరెక్టే. కానీ మన ఊళ్ళు భూమధ్యరేఖకి 13 నించి 19 డిగ్రీలు పైన ఉన్నాయి, మాకు మే మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకి నీడే పడదు, హైదరాబాద్‌లో అయితే అది మే 9 అప్పుడు వస్తుంది. ఆ రోజు దాటాక మళ్ళీ ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం పక్కన ఉంటాడు. సాయంత్రం కూడా నేరుగా పడమర కాదు, వాయవ్యం వైపు జరిగి దిగుతాడు. అంటే డిసెంబర్లో చల్లగా నీడగా ఉందని మీరు ఉత్తరం గోడ పక్కన కుండీలు పెట్టారనుకోండి, మే, జూన్‌లో అవి మాడిపోతాయి. మా సందులో ఫెర్న్‌లు అలాగే పోయాయి, నీళ్ళు పోయట్లేదని మా ఆవిణ్ణి అన్యాయంగా అన్నాను కూడా పాపం.

కాబట్టి మాకు నీడ కావాల్సింది పడమర, వాయవ్యం. వాస్తు చెప్పేవాళ్ళు పెద్ద చెట్లు దక్షిణం, పడమర ఉండాలి, తూర్పు, ఉత్తరం ఖాళీగా ఉండాలి అంటారు కదా, నాకు వాస్తు మీద పెద్ద పట్టింపు లేదు గానీ ఈ ఒక్క విషయంలో మాత్రం మాట్లాడకుండా ఒప్పుకున్నా, మధ్యాహ్నం మూడు నించి ఆరు దాకా పడమర గోడకి కొట్టే ఎండ ఆపితే సగం పని అయిపోయినట్టే.

చెట్టు పెరిగేదాకా ఏం చేయాలి అంటే పందిరి. ముందు అందరిలాగే నేనూ గ్రీన్ నెట్ కట్టించా. షాపులో 50 శాతం, 75, 90 అని ఉంటాయి, అది ఎంత ఎండ ఆపుతుందో ఆ లెక్క, మొక్కలకి 50 సరిపోతుంది, మనుషులు కూర్చునే చోట 75 పెట్టుకోవచ్చు, 90 కింద మొక్కలు పెడితే వెలుతురు చాలక పాలిపోతాయి. కానీ దీన్ని డ్రమ్ము తోలులాగా బిగించి కట్టకండి, మేలో సాయంత్రాలు ఒక్కసారిగా ఈదురుగాలి లేస్తుంది కదా, మాది మొదటి గాలికే నాలుగు కొసలూ చిరిగి ఎదురింటి డాబా మీద పడింది. మరుసటి ఏడు ఆ గొడవే లేకుండా సరుగుడు కర్రలు పాతించి తాటాకు పందిరి వేయించా, శ్రీరామనవమికి గుడి ముందు వేసే చలువ పందిరి లాంటిదే, పక్క పల్లెటూరి నించి ఒక ముసలాయన వచ్చి ఒక పూటలో వేసి వెళ్ళాడు. నెట్ కింద ఉక్కగా ఉంటుంది, తాటాకు కింద ఆ ఉక్క ఉండదు, ఎందుకంటే ఆకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. పొయ్యి, దీపం, టపాకాయలు మాత్రం దగ్గరికి రానీయొద్దు, ఎండిన తాటాకు అగ్గిపుల్లకే అంటుకుంటుంది. పందిరి గుంజల మొదట్లో రాధామనోహరం తీగ ఒకటి, సొరపాదు ఒకటి పెట్టాం, సొరపాదు రెండు నెలల్లో సగం పందిరి కప్పేసింది, కాయలు వీధంతా పంచాం. రాధామనోహరం నెమ్మదిగా పాకుతోంది గానీ సాయంత్రం పూసినప్పుడు తెల్లగా ఉండి పొద్దుటికి గులాబీ రంగుకి తిరుగుతుంది, వాసనకి దారిన పోయేవాళ్ళు ఆగుతారు.

ఇక టైల్స్. మొత్తం తీసేద్దామంటే బండి ఎక్కడ పెట్టాలి అని ఇంట్లో గొడవ. చివరికి రెండు చక్రాలు పోయే చోట రెండు వరసలు నాపరాళ్ళు పరిచి మిగతా అంతా మట్టి చేశాం, రాయికీ రాయికీ మధ్య మూడేసి అంగుళాలు వదిలాం. నల్ల కడప బండ వద్దన్నా, చూడ్డానికి బావుంటుంది గానీ నలుపు కాబట్టి కాలుతుంది, మాకు దగ్గర్లో మాచర్ల వైపు బూడిద రంగు నాపరాయి దొరుకుతుంది, అది తెచ్చుకున్నాం. తేడా ఎంత ఉంటుందో అంటే మా అమ్మ సాయంత్రం ఆరింటికి మట్టి మీద నీళ్ళు చల్లితే పావుగంటలో గాలి చల్లబడుతుంది, మట్టి తడిని పట్టుకుని నెమ్మదిగా వదుల్తుంది కదా, అదే టైల్స్ మీద చల్లినప్పుడు ఆవిరి ఒక్కసారిగా లేచి మొహానికి కొట్టి అయిపోయేది. మా నాయనమ్మ రెండు పూటలా కళ్ళాపి చల్లడం చిన్నప్పుడు చూసి శుభం కోసం అనుకునేవాణ్ణి, ఆ వాకిలికి అదే కూలర్.

మట్టి కనపడంగానే మా అమ్మకీ నాకూ ఇంకో యుద్ధం. మొక్కల మొదళ్ళలో ఎండుటాకులు పరవాలని నేను, వాకిట్లో ఆకు ఉంటే దరిద్రం అని ఆవిడ. పొద్దున్నే నేను పరిచేది, ఆవిడ చీపురుతో ఊడ్చేది. చివరికి ఒప్పందం ఏంటంటే ముందు వాకిలి ఆవిడది, ముగ్గు కోసం అద్దంలా ఉంటుంది, వెనక పెరడు నాది. వెనకాల మూడు, నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి, వేపాకు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది పరుస్తున్నా. పొద్దున తడిపిన మట్టి ఆ పొర కింద మర్నాడు కూడా తడిగానే ఉంటుంది, వేలు పెట్టి చూడండి. ఒక జాగ్రత్త, కాండానికి ఆనించకండి, చుట్టూ రెండంగుళాలు ఖాళీ వదలండి లేకపోతే చెదలు పడతాయి, మా నిమ్మ మొక్క అలాగే సగం పోయింది.

నీళ్ళ సంగతి. అందరూ డ్రిప్ పెట్టమంటారు, పొలానికైతే సరే, మా వెనకాల పన్నెండు మొక్కలకి ఫిల్టర్లు, పైపులు ఎందుకని కుండలు పాతాను. తాగే నీళ్ళ కుండ, రంగు వేయనిది, మెడ దాకా మట్టిలో పాతి నీళ్ళు నింపి పైన మూత పెట్టడమే. మట్టి ఎండేకొద్దీ కుండ గోడల్లోంచి నీరు ఊరుతుంది, మట్టి తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది, వేర్లు వెతుక్కుంటూ వచ్చి కుండ చుట్టూ అల్లుకుంటాయి. రెండు మొక్కల మధ్య ఒక కుండ, ఏప్రిల్లో మూడు రోజులకోసారి, మేలో రోజు మార్చి రోజు నింపుతున్నా, కుళాయి వచ్చే రోజుకి సరిపోయింది. మూత మాత్రం తప్పకుండా పెట్టాలి, దోమలు. ఒకటి రెండేళ్ళకి మా ఉప్పునీళ్ళకి కుండ రంధ్రాలు పూడుకుపోయి ఊరడం ఆగిపోతుంది, మార్చుకోవాలి, అదో ఖర్చు. ఏసీ నించి కారే నీళ్ళు పారబోయకండి, అందులో ఉప్పు ఉండదు, మొక్కలకి బంగారం. ఆర్‌వో మెషీన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం దానికి రివర్సు, ఉన్న ఉప్పంతా అందులోనే చేరుతుంది, రోజూ పోస్తే నేల పాడవుతుంది, బండి కడుక్కోండి వాటితో. స్నానాల నీళ్ళు వెనకటిలాగే అరటికి మళ్ళించాం.

మొక్కల విషయానికి వస్తే ఎండాకాలం నిండుగా కనపడాలంటే ఎండంటే భయం లేనివాటినే పెట్టుకోవాలి. కాగితంపూలు ఎంత నీళ్ళు తగ్గిస్తే అంత పూస్తాయి, ఎక్కువ పోస్తే ఆకులే. బిళ్ళగన్నేరు, నందివర్ధనం, దేవగన్నేరు, నేల మీద పాకే గడ్డిగులాబీ, ఇవన్నీ మా పడమర ఎండలో నిలబడ్డవి. మామూలు గన్నేరు కూడా నిలబడుతుంది, హైవే మధ్యలో డివైడర్ మీద చూస్తాం కదా అదే, కానీ అది ఆకు నించి వేరు దాకా విషం, చిన్నపిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో వద్దు. మల్లె గురించి ఒక మాట, పూలు కావాలని ఏప్రిల్లో అంటు కొని పెడితే ఆ ఏడు మీకు దక్కేది ఆకే, పెద్ద పొదకి డిసెంబర్, జనవరిలో నీళ్ళాపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, తర్వాత ఎరువేసి నీళ్ళు పెడితే అప్పుడు ఎండాకాలం విరగబూస్తుంది. మా అమ్మ చేతిలో ఆ కత్తెర చూస్తే మొక్కకి కాదు నాకు భయం వేస్తుంది, కానీ ఈ మార్చిలో రోజుకి ఒక గిద్దెడు మొగ్గలు వచ్చాయి.

కోనోకార్పస్ చెట్లు పెట్టమని నాకు ముగ్గురు చెప్పారు. ఏడాదిలో గోడలా పచ్చగా లేస్తుంది, ఎండకి చావదు, నిజమే. కానీ వేర్లు పైపుల్లోకి పోతాయని, పుప్పొడికి అలర్జీలు అని ఎన్ని గొడవలయ్యాయో, గుజరాత్‌లో 2023లో నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. మనకి కానుగ ఉండగా అదెందుకు చెప్పండి. కానుగ సరిగ్గా ఎండలు ముదిరే టైముకి లేత ఆకు వేసి నిండుగా ఉంటుంది, దాని నీడ చిక్కగా ఉంటుంది, పాత ఊళ్ళలో రోడ్ల పక్కన ఊరికే వేయలేదు.

అయితే కానుగైనా వేపైనా మేలో తెచ్చి నాటకండి. కడియం వైపు వెళ్ళి వచ్చినప్పుడల్లా మా వాళ్ళు కారు డిక్కీ నిండా మొక్కలు వేసుకొస్తారు, అక్కడ గోదావరి కాలవల పక్కన తడిలో, నీడలో పెరిగినవి, తెచ్చి మా నల్లరేగడిలో 44 డిగ్రీల్లో పెడితే వారంలో వాడిపోతాయి, మళ్ళీ నర్సరీవాళ్ళు మోసం చేశారంటారు. ఎండాకాలం చేయాల్సింది గుంత తీయడం. మా చుట్టుపక్కల రైతులు వేసవి దుక్కులు ఎందుకు దున్నుతారో అదే లెక్క, నేల తిరగబడి ఎండ తగిలితే పురుగుల గుడ్లు, కలుపు వేర్లు చస్తాయి, తొలకరి నీరు లోపలికి దిగుతుంది. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంత, పై అడుగు మట్టి ఒక పక్క, కింద అడుగు మట్టి ఇంకో పక్క కుప్పలు పోయించి రెండు మూడు వారాలు అలా వదిలేయండి. తర్వాత పై మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపి, రెండు మంచి వానలు పడ్డాక నాటాలి. నల్లరేగడి అయితే ఎర్రమట్టో ఇసకో కలపండి, నాటే చోటు కొంచెం మెట్టగా పెట్టండి లేకపోతే వానాకాలం నీళ్ళు నిలబడి వేరు కుళ్ళుతుంది. ఇంటి గోడకి, నీళ్ళ సంపుకి కనీసం పదడుగులు దూరం, వేపకి ఇంకా ఎక్కువ. మా స్థలంలో ఈ లెక్కలన్నీ వేస్తే పెద్ద చెట్టుకి చోటు ఒకే ఒక్కటి తేలింది, గేటు పక్కన మూల.

గుంతలు తవ్వే మనిషి ఎలాగూ వచ్చాడు కాబట్టి ఇంకుడుగుంత కూడా తీయించాం. 1000 చదరపు అడుగుల డాబా మీద 1 సెంటీమీటరు వాన పడితే దాదాపు 900 లీటర్లు వస్తాయి, ఇన్నేళ్ళూ అవన్నీ మా టైల్స్ మీద నించి జారి వీధి కాలవలోకి పోయాయి, నేనేమో మేలో ట్యాంకరుకి డబ్బులిచ్చాను, తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. నల్లమట్టిలో ఊరికే గుంత తీసి రాళ్ళు వేస్తే అది ఇంకదు, చెరువులా నిలబడుతుంది, మాకు ఐదడుగుల కింద నీళ్ళు దిగే గరప నేల తగిలింది, దానిలోకి ఇంకో అడుగున్నర దించి అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసక పోశాం. డాబా పైపు అందులోకి తిప్పాం. మొదటి వాన నీళ్ళు మాత్రం బయటికి వదిలేయాలి, డాబా మీద దుమ్మంతా వస్తుంది.

ఇంకా చిన్న చిన్నవి ఉన్నాయి, పందిరి కింద నాపరాళ్ళతో ఒక అరుగు కట్టించాం, సిమెంటు బెంచీ కంటే నయం, వరి కుచ్చు ఒకటి వేలాడదీస్తే పిచ్చుకలు రాలేదు గానీ ఉడత వచ్చి మొత్తం ఖాళీ చేసింది. పిల్లలు సోలార్ లైట్లు కావాలన్నారు, నాలుగు కొన్నాం, రెండు వెలుగుతున్నాయి.

ఇది రాసేటప్పటికి రోహిణి కార్తె నడుస్తోంది, రోళ్ళు పగిలే కార్తె అంటారు, మా ఇంట్లో రోలు లేదు గానీ ప్లాస్టిక్ బకెట్ పగిలింది. సాయంత్రం ఏడింటికి నులక మంచం వాకిట్లో వేసుకుని మట్టి మీద నీళ్ళు చల్లాక కూర్చుంటే గాలి వస్తోంది, వచ్చినప్పుడు. గేటు పక్క మూల గుంత ఎండకి ఎండుతూ ఉంది, దాంట్లో కానుగ అని నేను, వేప అని అమ్మ, మామిడి అని పిల్లలు, ఆ మూలకి మామిడి ఎక్కడ సరిపోతుంది చెప్పండి. మృగశిర వచ్చేలోపు తేల్చాలి.